నాగార్జునసాగర్‌కు ఎప్పుడు పోవాలి? ముందు అడుగుల లెక్క చూడాలి

ఆగస్టు వచ్చిందంటే మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ చుట్టుపక్కల ఎక్కడ కూర్చున్నా ఒకటే ముచ్చట: “సాగర్ ఎన్ని అడుగులకొచ్చింది?” నారు పోసుకున్న రైతు అడుగుతాడు, చేపలు పట్టేవాళ్లు అడుగుతారు, ఆదివారం పిల్లల్ని తీసుకుని గేట్లు చూసొద్దామనుకునేవాళ్లూ అడుగుతారు. ఐదు వందల అరవై అనో, ఐదు వందల ఎనభై అనో జవాబు వస్తుంది. ఆ ఒక్క అంకెతో రైతుకు కాలువ సంగతి మొత్తం అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా నూట యాభై కిలోమీటర్లు కారేసుకుని వచ్చే కుటుంబానికి మాత్రం ఆ అంకె ఎవరూ చెప్పరు. తీరా వచ్చాక గేట్లు మూసి ఉంటాయి. లాంచీ కౌంటర్ దగ్గర ఇవాళ లేదంటారు. డ్యామ్ మీదికి పోనివ్వరు. సాగర్‌లో చూడ్డానికేమీ లేదని విసుక్కుంటూ వెనక్కి పోతారు.

చూడ్డానికి చాలా ఉంది. కాకపోతే సాగర్ విహారం కోసం నింపిన చెరువు కాదు. అందులో ప్రతి అడుగు నీళ్లకూ ముందే హక్కుదారులున్నారు. వాళ్లు వాడుకునేదాకా నిలిచి ఉన్న నీళ్ల మీదే మన లాంచీ తిరుగుతుంది. లాంచీ ఎప్పుడు నడుస్తుంది, గేట్లు ఎప్పుడు ఎత్తుతారు, నీళ్లు ఏ నెలలో తేటగా ఉంటాయి, ఒడ్డున ఎక్కడ దిగకూడదు అనే ప్రశ్నలన్నింటికీ జవాబు నీటిమట్టం దగ్గరే మొదలవుతుంది.

అసలు 590 అంటే ఏమిటి

సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. ఇది లోతు కాదు, సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు. చాలామంది ఇక్కడే పొరబడి, డ్యామ్ దగ్గర 590 అడుగుల లోతుందనుకుంటారు. ఆ మట్టానికి నిండితే జలాశయంలో 312 టీఎంసీల నీళ్లుంటాయి, దాదాపు 285 చదరపు కిలోమీటర్లు మునుగుతుంది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పేపర్లో రోజూ కనిపించే క్యూసెక్కుల్లో (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) చెప్పాలంటే, 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా పారితే ఒక టీఎంసీ.

రెండో ముఖ్యమైన అంకె 510. కాలువలకు నీళ్లివ్వడానికి కనీసం ఈ మట్టమైనా ఉండాలి. 510 దగ్గర జలాశయంలో సుమారు 131 టీఎంసీలుంటాయి. కంటికి సముద్రంలా కనిపించినా, లెక్కల్లో వాడుకునేందుకు లేనట్టే. అంటే 590కీ 510కీ మధ్య ఉన్న 80 అడుగుల్లోని 180 టీఎంసీలే కుడి, ఎడమ కాలువల బతుకు. నిండుగా ఉన్నప్పుడు పైన ఒక్క అడుగు తగ్గిందంటే దాదాపు మూడు టీఎంసీలు పోయినట్టు. కిందికి దిగేకొద్దీ లోయ ఇరుకవుతుంది కాబట్టి అదే అడుగులో నీళ్లు తగ్గుతూ వస్తాయి. ఎండాకాలంలో మట్టం గబగబా పడిపోతున్నట్టు అనిపించడానికి ఇదొక కారణం.

ఈ నీళ్లు ఎవరికి పోతాయో చూద్దాం. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కల ప్రకారం సాగర్ వాటా 281 టీఎంసీలు. కుడి కాలువకు 132, ఎడమ కాలువకు 132, మిగిలిన 17 టీఎంసీలు ఆవిరి కింద రాసేశారు. నిండు జలాశయంలో పై ఐదారు అడుగుల నీళ్లు ఎవరి పొలానికీ పోకుండా ఎండకే పోతాయని కట్టినవాళ్లే ఒప్పుకున్నారన్నమాట. కుడి కాలువకు జవహర్ కాలువ అని, ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. రెండూ పూర్తిగా పారితే ఒక్కో కాలువ తల దగ్గర 11 వేల క్యూసెక్కులు. రెండూ కలిపి రోజుకు దాదాపు రెండు టీఎంసీలు లాగేస్తాయి. పైనుంచి ఏమీ రాకపోతే ఒకటిన్నర రోజుకు ఒక అడుగు తగ్గుతుంది. యాసంగిలో కాలువలను కొన్నాళ్లు వదిలి కొన్నాళ్లు ఆపుతారు కాబట్టి మట్టం మెట్టు మెట్టుగా దిగుతుంది.

వీటికి తోడు హైదరాబాద్ తాగునీళ్లు. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లను ఎత్తిపోసి అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి నగరానికి పంపుతారు. మూడు దశలు కలిపి ఏడాదికి 16.5 టీఎంసీలు. నల్లగొండ జిల్లా పల్లెలు ఎన్నో ఏళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మనుషుల్ని చూశాయి. మర్రిగూడ, మునుగోడు వైపు ఇవాళ కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నాయంటే అది చిన్న విషయం కాదు. లాంచీ ఎక్కి చిప్స్ కవరు నీళ్లలోకి విసిరే ముందు, ఆ నీళ్లు ఎవరి బిందెలోకి పోతాయో గుర్తుంచుకోవాలి. ఇది నాకు బాధ కలిగించే విషయం కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

గేట్లు ఎప్పుడు ఎత్తుతారు

సాగర్ అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది 26 గేట్ల నుంచి తెల్లగా దూకే నీళ్లే. ఒక్కో గేటు 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. గేట్ల కింది అంచు 546 అడుగుల మట్టంలో ఉంటుంది. నీళ్లు అంతకంటే కింద ఉంటే గేటు ఎత్తినా చుక్క రాదు. ఆచరణలో 546 దాటగానే ఎత్తరు. ఆ నీళ్లు కాలువలకు కావాలి కదా. జలాశయం దాదాపు నిండి, పైనుంచి వచ్చే వరద కాలువలూ పవర్‌హౌస్‌లూ తీసుకోగలిగినదానికంటే ఎక్కువైనప్పుడే ఎత్తుతారు. అందుకే కొన్నేళ్లు అసలు ఎత్తరు. 2023లో వానలు ముఖం చాటేసి గేట్లు కదల్లేదు. 2024 ఆగస్టు మొదట్లో ఎత్తారు. 2025లో జులై చివర్లోనే ఎత్తారు.

ముందే పసిగట్టాలంటే నల్లగొండలో వానను చూసి లాభం లేదు. మహారాష్ట్రలో, మహాబలేశ్వరం వైపు పడమటి కనుమల్లో కురవాలి. ఆ నీళ్లతో ముందు కర్ణాటకలోని ఆల్మట్టి, తర్వాత నారాయణపూర్ జలాశయాలు నిండాలి. అక్కడి నుంచి గద్వాల దగ్గరి జూరాలకు, జూరాల నుంచి శ్రీశైలానికి. తుంగభద్ర నీళ్లు కూడా శ్రీశైలంలోనే వచ్చి కలుస్తాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. జూరాల గేట్లు బార్లా తెరిచారని, శ్రీశైలం 880 దాటిందని వార్త వస్తే సాగర్ వైపు కన్నేయవచ్చు. అప్పటికి సాగర్ 570కి పైన ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. సాగరే 520 దగ్గర ఉంటే మాత్రం ఎంత వరద వచ్చినా ముందు ఆ కడుపు నిండాలి.

నిండు జలాశయంలో ఒక గేటును ఐదడుగులు ఎత్తితే సుమారు 8 వేల క్యూసెక్కులు పోతాయి. ఇరవై ఆరూ ఐదడుగులు ఎత్తితే రెండు లక్షలు దాటుతుంది. ‘రెండు గేట్లు ఎత్తారు’ అన్న వార్త, ‘ఇరవై ఆరు గేట్లు ఎత్తారు’ అన్న వార్త ఒకటి కాదు. రెండు గేట్లను పొద్దున ఎత్తి సాయంత్రం దించేయవచ్చు. దాన్ని నమ్ముకుని బయల్దేరితే దారిలో ఉండగానే మూసేస్తారు. ఇన్‌ఫ్లో, అంటే పైనుంచి వచ్చే నీళ్లు ఎన్ని క్యూసెక్కులున్నాయో చూసుకుని కదలాలి. లక్షల్లో ఉంటే కనీసం మర్నాటి దాకా భరోసా ఉంటుంది.

నీళ్లు తేటగా ఎందుకుంటాయి

వరద వచ్చిన కొత్తలో సాగర్ నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. గేట్ల దగ్గర ఫొటోలు బాగానే వస్తాయి కానీ ఒంగి చూస్తే అడుగు కనపడదు. కార్తీకం నాటికి అవే నీళ్లు ఆకుపచ్చ కలిసిన నీలంలోకి తిరుగుతాయి. శివాలయం ఘాట్ మెట్లమీద కూర్చుంటే నీటిలోని మెట్లు కూడా కనిపిస్తాయి. దీనికి కారణం ప్రవాహం నిలవడమే. పారే నీళ్లు మట్టిని మోస్తాయి. నిలిచిన లోతైన నీళ్లలో అది మెల్లగా కిందికి దిగుతుంది. పైగా కృష్ణమ్మ సాగర్‌కు వచ్చేలోపు ఎన్నో ఆనకట్టల దగ్గర ఆగి వస్తుంది. ముతక మట్టి చాలావరకు శ్రీశైలం దగ్గరే ఉండిపోతుంది. శ్రీశైలం దాటాక నది నల్లమల రాళ్ల మధ్య పారుతుంది. ఆ దారిలో రెండు ఒడ్డులా పులుల అభయారణ్యమే. ఇటు అమ్రాబాద్, అటు నాగార్జునసాగర్-శ్రీశైలం. అక్కడ దున్నే చేలు తక్కువ, ఊళ్ల మురుగు తక్కువ. అడవి అలా ఉన్నన్నాళ్లే ఈ తేటదనం.

అయితే పైన కనిపించని మట్టి ఎక్కడికీ పోలేదు. కట్టినప్పుడు సాగర్ నిల్వ 408 టీఎంసీలు. తర్వాత చేసిన సర్వేల్లో 312గా తేలింది. మధ్యలో పోయిన చోటును చాలావరకు పూడికే ఆక్రమించింది. మనం మెచ్చుకునే తేటనీటికి ధర జలాశయం అడుగున పేరుకుంటూనే ఉంది.

ఎండాకాలంలో గుట్టల అంచున చూస్తే చెట్ల కింద ఒక పాలిపోయిన పట్టీ కనిపిస్తుంది. పైన పచ్చటి అడవి, కింద నీలం నీళ్లు, మధ్యలో గడ్డి కూడా మొలవని బోడి రాయి. ఆ పట్టీ వెడల్పే ఆ ఏడాది వాడుకున్న నీళ్లు. దగ్గరికి పోయి చూస్తే రాయిమీద గీతలు గీతలుగా, నీళ్లు కొన్నాళ్లు ఆగి దిగిన ఆనవాళ్లు కనిపిస్తాయి.

లాంచీ లెక్క

సాగర్‌లో లాంచీ ప్రయాణాలు రెండు రకాలు. ఒకటి నాగార్జునకొండకు. జలాశయం మధ్యలో ద్వీపంగా మిగిలిన గుట్ట అది, ముప్పావు గంట నుంచి గంట ప్రయాణం. ఇంకొకటి నల్లమల లోయలో దాదాపు 110 కిలోమీటర్లు ఎగువకు, శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు దాకా.

ఈ రెండోది మట్టం బాగా ఉంటే తప్ప నడవదు. సాగర్ నిండినప్పుడు బ్యాక్‌వాటర్ శ్రీశైలం డ్యామ్ పాదాల దాకా పోతుంది. తగ్గేకొద్దీ ఎగువ భాగంలో నది మళ్లీ పాత నదిలా సన్నబడి రాళ్లు తేలుతుంది. పెద్ద లాంచీకి ఆ దారి ప్రమాదం. అందుకే వరదలు తగ్గాక, జలాశయం ఇంకా నిండుగా ఉండగానే, అంటే అక్టోబరు చివరి నుంచి కొన్ని నెలలు మాత్రమే దీనికి అదను. మొదట ఆగిపోయేది కూడా ఇదే. వరద ఉధృతంగా ఉన్నప్పుడూ తిప్పరు. అప్పుడు నీళ్లు ఎక్కువే కానీ ప్రవాహం ఎక్కువ.

కొండ లాంచీ అంత సున్నితం కాదు. మట్టం దిగితే జెట్టీని కిందికి జరుపుకుంటూ నడుపుతారు. కానీ దానికి వేరే అడ్డంకులున్నాయి. గాలి బలంగా వీస్తే ఆపేస్తారు, తక్కువమంది ఉంటే కదలదు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి పదుల మంది పోయిన తర్వాత తనిఖీలు, లైఫ్ జాకెట్ల పట్టింపు పెరిగాయి. ఉక్కగా ఉందని జాకెట్ విప్పి పక్కన పెట్టేవాళ్లను ఇప్పటికీ చూస్తూనే ఉంటాం. దయచేసి ఆ పని చేయొద్దు.

కొండ మీదున్న మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది. శుక్రవారం సెలవు. ఇది తెలియక వచ్చి తిరిగిపోయేవాళ్లు ఎందరో. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇప్పుడు లాంచీ కింద ఉన్న లోయలో ఉండేది. 1926లో ఆ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేసేనాటికే లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారీ తవ్వకాలు జరిగాయి. దొరికిన కట్టడాల్లో కొన్నింటిని రాయికి రాయి కొండమీదికి, కొన్నింటిని జలాశయం ఒడ్డునున్న అనుపుకు తరలించి మళ్లీ నిలబెట్టారు. లాంచీలో సెల్ఫీలు దిగుతూ పోయేవాళ్లకు ఈ సంగతి మైకులోనైనా చెబితే ఆ గంట ప్రయాణం విలువ పెరుగుతుంది.

రెండు రాష్ట్రాల మధ్య

మన లాంచీ నల్లగొండ జిల్లా ఒడ్డున బయల్దేరుతుంది. దిగే కొండ ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాది. ఎత్తిపోతల జలపాతం కూడా అటువైపే. చంద్రవంక నది మీద 70 అడుగుల నుంచి దూకుతుంది. రాష్ట్ర విభజన తర్వాత సాగర్ డ్యామ్ నిర్వహణ తెలంగాణకు, శ్రీశైలం నిర్వహణ ఆంధ్రకు వచ్చింది. 2014 విభజన చట్టం కింద కృష్ణా బోర్డు ఏర్పడింది. అయినా పంచాయితీ తెగలేదు. 2023 నవంబరు చివర్లో, సరిగ్గా తెలంగాణ పోలింగ్ ముందు రాత్రి, ఆంధ్ర పోలీసులు డ్యామ్ మీదికి వచ్చి 13వ గేటు దాకా కంచె వేసి కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత డ్యామ్ మీద సీఆర్‌పీఎఫ్ బలగాలను పెట్టారు. డ్యామ్ మీద నడుద్దామని వచ్చే సందర్శకులను ఆపడం వెనక ఇంత కథ ఉంది. అక్కడ కాపలా ఉన్న జవానుతో వాదించి లాభం లేదు. కింద వంతెన మీద నుంచి గేట్లు ఇంకా బాగా కనిపిస్తాయి.

ఎక్కడ దిగకూడదు

ఈ మాట ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాలి. ఏటా సాగర్‌కు సరదాగా వచ్చిన కుర్రాళ్లు శవాలుగా తిరిగిపోతున్నారు. చాలామంది ఈత రానివాళ్లు కాదు, చెరువులో ఈదినవాళ్లు. చెరువు ఒడ్డు మెల్లగా లోతవుతుంది. సాగర్ ఒడ్డు నిన్నమొన్నటిదాకా గుట్ట వాలు. రెండడుగులు మోకాళ్ల లోతు ఉండి, మూడో అడుగుకు కాలికింద నేల ఉండదు. పైగా మట్టం వారం వారం మారుతుంది. దసరాకు దిగిన చోట సంక్రాంతికి ఇంకో లోతు ఉంటుంది. కొత్తగా నీళ్లలోంచి తేలిన మెట్టు పాకుడు పట్టి ఉంటుంది.

కాలువ ఇంకా ప్రమాదం. నిలకడగా పారుతున్నట్టు కనిపిస్తుంది, లోపల లాగుతుంది. గోడలు సిమెంటు వాలు. జారినవాడికి పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా దొరకదు. డ్యామ్ కింద నది సంగతి వేరే. పవర్‌హౌస్‌లో ఎనిమిది యూనిట్లున్నాయి, 815.6 మెగావాట్ల సామర్థ్యం. కరెంటుకు గిరాకీ పెరగ్గానే తిప్పుతారు. అన్నీ తిరిగితే దాదాపు 30 వేల క్యూసెక్కులు నదిలో పడతాయి. ఎండిన రాళ్ల మీద కూర్చుని అన్నం తింటున్నవాళ్ల చుట్టూ కాసేపట్లోనే నీళ్లు కమ్ముకుంటాయి. సైరన్ మోగితే సామాన్లు చూసుకోకుండా పైకి రావాలి. వీటిలో ఏడు యూనిట్లు వెనక్కి తిరిగి డ్యామ్ దిగువన నీళ్లు ఆపే చిన్న జలాశయం, టెయిల్‌పాండ్ నీళ్లను పైకి తోడగలవు కూడా. కాబట్టి నది అకారణంగా పెరుగుతుంది, అకారణంగా తగ్గుతుంది. జలాశయంలో మొసళ్లు ఉన్నాయన్నది కూడా పుకారు కాదు.

నీళ్లు దిగిన నెలల్లో

హిల్ కాలనీ, పైలాన్ కాలనీల్లో చిన్న హోటళ్లు, చేపల వేపుడు బండ్లు, ఆటోలు, కొబ్బరిబోండాల వాళ్లు, అందరి గిరాకీ గేట్ల మీదే ఆధారపడి ఉంది. గేట్లెత్తిన రెండు ఆదివారాలు కాలు పెట్టే చోటుండదు. ఫిబ్రవరి దాటితే బేరాల్లేవు. ఇది నీళ్ల తప్పు కాదు. ఏడాదిలో సాగర్ 590 దగ్గర ఉండేది కొన్నాళ్లే. మిగతా రోజులన్నీ దిగుతూనే ఉంటుంది. పర్యాటకాన్ని నిండు జలాశయానికి మాత్రమే ముడిపెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

ఎగువన సోమశిలను చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర శ్రీశైలం జలాశయం ఒడ్డున ఉంది. అక్కడ నీళ్లు తగ్గితే జనం పెరుగుతారు. ఎందుకంటే మట్టం పడిపోయినప్పుడే అవతలి ఒడ్డున సప్తనదుల సంగమేశ్వర ఆలయం బయటపడుతుంది. నెలల తరబడి మునిగి ఉన్న గుడిని చూడ్డానికి పడవల్లో దాటి పోతారు. అక్కడ నీళ్లు తగ్గడమే పండుగ.

సాగర్‌కూ అలాంటివి లేకపోలేదు. 274 ఎకరాల బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైంది. అందులోని మహాస్తూపం, జాతక కథల శిల్పాల తోట నీటిమట్టంతో సంబంధం లేకుండా ఏడాదంతా చూడవచ్చు. అక్కడ ఒక పూట గడిపి, సాయంత్రం ఘాట్‌కు వస్తే మండే ఏప్రిల్‌లో కూడా వచ్చిన పని దండగ కాదు. జెట్టీని 590కే కాక 510కీ పనికొచ్చేలా మెట్లు మెట్లుగా, పెద్దవాళ్లు పట్టుకుని దిగడానికి రెయిలింగ్‌తో కట్టాలి. ఇప్పుడు నీళ్లు దిగాక బండరాళ్ల మీద నుంచి ముసలివాళ్లను చేతులు పట్టుకుని దింపాల్సి వస్తోంది. ఘాట్ల దగ్గర లోతు మారినప్పుడల్లా గొలుసు జరపాలి, సెలవు రోజుల్లో ఈతగాళ్లను కాపలా పెట్టాలి. ఆ పనికి బయటివాళ్లు అక్కర్లేదు. పుట్టిలో రాత్రంతా వల వేసి తెల్లారి ఒడ్డుకొచ్చే ఇక్కడి జాలర్లకంటే ఈ నీళ్ల లోతు తెలిసినవాళ్లు లేరు. వాళ్లకు జీతమిచ్చి ఆ బాధ్యత అప్పగించాలి.